రాసే చెయ్యి, సరిచూసే కన్ను

ఆంధ్రప్రదేశ్‌లో, వర రామచంద్రాపురం మండలంలో రేకపల్లి అనే ఊరు ఉంది. ఆ చుట్టుపక్కల నేల 1860 దాకా నిజాం రాజ్యానిది. ఆ ఏటి ఒప్పందంతో గోదావరి ఎడమగట్టు తాలూకాలు బ్రిటిష్ వారి చేతికి వెళ్లి, తర్వాత సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని అప్పర్ గోదావరి జిల్లాలో కలిశాయి. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు మార్చారు. 1959లో ఈ ప్రాంతం ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు ప్రాంతమన్న కారణంగా రేకపల్లి వైపు మండలాలు తూర్పు గోదావరికి, 2022లో కొత్తగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు వెళ్లాయి. దున్నేవాళ్లు కదల్లేదు. వాళ్ల దస్త్రాల మీద పెత్తనం మాత్రం నాగపూర్ నుంచి మద్రాసుకు, కాకినాడ నుంచి ఖమ్మానికి, అక్కణ్ణుంచి మళ్లీ కాకినాడకు, 2022లో పాడేరుకు తిరిగింది. ఈ తిరుగుళ్లలో చాలాకాలం నదికి అవతల, బూర్గంపాడు, పాల్వంచ వైపు, నిజాం పాలనే సాగింది. ఈ గట్టున కరణం లెక్క, ఆ గట్టున పట్వారీ లెక్క. చుట్టరికాలు రెండు గట్లనూ కలిపేవి గానీ, భూమికి రుజువు మాత్రం రెండు చట్టాల కింద, రెండు లిపుల్లో, వేర్వేరు మనుషుల ఇళ్లలో ఉండేది. భూమి లెక్కను భద్రపరచడం అంటే ఏమిటి అన్న ప్రశ్నకు ఇంత పొడవైన పరీక్ష జరిగిన చోటు తెలుగు నేల మీద మరొకటి దొరకడం కష్టం.

ఆ ప్రశ్నను ఇవాళ వృత్తిగా చేసుకున్నవాళ్లు ఉన్నారు. హైదరాబాద్‌లోని ఐటీ కంపెనీల్లో భద్రతను ప్రధానంగా చూసే క్లౌడ్ డేటా ఆర్కిటెక్టు పని అదే. లక్షలమంది వివరాలు ఏ డేటా సెంటర్‌లో ఉండాలి, వాటి నకలు ఇంకెక్కడ ఉండాలి, ఎన్‌క్రిప్షన్ తాళంచెవులు ఎవరి అధీనంలో ఉండాలి, ఏ ఉద్యోగి ఏ కాలమ్ చూడొచ్చు, ఎవరు మార్చొచ్చు, మార్చినప్పుడు ఆ జాడ ఎక్కడ నమోదవుతుంది అన్నవి అతను ముందే గీసిపెట్టాలి. ఈ వృత్తి భద్రతను మూడు కొలతలతో కొలుస్తుంది. ఒకటి గోప్యత: చూడకూడనివాడు చూడకపోవడం. రెండోది సమగ్రత: మార్చకూడనివాడు మార్చలేకపోవడం. మూడోది అందుబాటు: హక్కున్నవాడికి కావలసినప్పుడు దొరకడం. మామూలు మాటల్లో డేటా భద్రత అనగానే మొదటిదే గుర్తొస్తుంది. లీకు, హ్యాకింగ్, దొంగతనం అన్నీ దానికి చెందినవే. ఖమ్మం, భద్రాచలం అడవి అంచు చరిత్ర చెప్పేది వేరు. ఇక్కడ జనం భూమి పోగొట్టుకున్నది వాళ్ల రహస్యాలు బయటపడి కాదు. తప్పు రాత పడినందువల్ల, పడిందని తెలియనందువల్ల, తెలిసినా దిద్దించుకునే దారి లేనందువల్ల. దస్త్రాన్ని కాపాడతామంటూ వచ్చిన ప్రతి సంస్కరణా రాసే చేతుల్ని తగ్గించింది. దానితోపాటే సరిచూసే కళ్లనూ తగ్గించింది. ఈ రెండోది పొరపాటున జరిగిపోయిన విషయంగా కాక, భద్రతలోనే లోపంగా లెక్కించాలన్నది ఈ వ్యాసం వాదన.

ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిన లెక్కల తగాదా కంచర్ల గోపన్నది. నేలకొండపల్లిలో పుట్టి, తానీషాగా పేరుపడ్డ అబుల్ హసన్ కుతుబ్‌షా కాలంలో పాల్వంచ పరగణాకు తహసీల్దారైన గోపన్న, వసూలైన శిస్తుతో భద్రాద్రి గుడి కట్టించి, గోల్కొండ చెరసాల పాలయ్యాడు. భక్తుడి కథగా దీన్ని తరతరాలుగా చెప్పుకున్నారు. లెక్కల కథగా చూస్తే కనబడేది వేరు. శిస్తు వసూలు చేసేదీ, దాన్ని ఖాతాకు ఎక్కించేదీ, ఖర్చు పెట్టేదీ ఒకే అధికారి. అతని ఖాతాను దగ్గర్నుంచి సరిచూసేవాడు పరగణాలో ఉన్నట్టు కథ చెప్పదు. ఆ పని గోల్కొండలో, అంతా అయిపోయాక జరిగింది. ఈ ఏర్పాటులో అధికారి నిజాయితీపరుడైనా, కాకపోయినా తేల్చే సాధనం ఒక్కటే, శిక్ష. జనశ్రుతి ఈ లోపాన్ని పసిగట్టిందనే అనిపిస్తుంది. రామలక్ష్మణులు మారువేషంలో వచ్చి తానీషాకు బాకీ చెల్లించారన్న ఘట్టంలో, డబ్బు ఇవ్వడంతో కథ ముగియదు. వాళ్లు రసీదు అడిగి తీసుకుని గోపన్న దగ్గర పెట్టి వెళతారు. ఇది చరిత్ర కాదు, ఐతిహ్యం. అయినా ఆ ఐతిహ్యాన్ని చెప్పుకున్న సమాజం ఏది లేకపోతే భయపడిందో చెప్పడానికి ఇది మంచి సాక్ష్యం. సర్కారు పుస్తకంలో జమ పడితే చాలదు, ఆ జమకు రుజువు బాధ్యుడి చేతిలో కూడా ఉండాలి. దేవుడికి సైతం తప్పని ఆ జాగ్రత్త, తర్వాతి మూడు శతాబ్దాల్లో ఇక్కడి గిరిజనులైన కొండరెడ్లకూ కోయలకూ చాలా అరుదుగా దక్కింది.

పంతొమ్మిదో శతాబ్దంలో తగాదా లెక్క ఎవరు రాస్తున్నారన్న దగ్గర ఆగలేదు, దేన్ని లెక్కపెడుతున్నారన్న దగ్గరికి వచ్చింది. సెంట్రల్ ప్రావిన్సెస్ కాలంలో రేకపల్లి అడవుల్లో పోడుకు పన్ను గొడ్డలి లెక్కన ఉండేది. గొడ్డలికి ఇంత అని స్వల్పంగా కట్టినవాడు తనకు చేతనైనంత నరికి సాగు చేసుకునేవాడు. ఏళ్ల తరబడి చోటు మారుతూ సాగే వ్యవసాయానికి ఆ లెక్క సరిపోయింది, ఎందుకంటే అక్కడ స్థిరంగా ఉండేది నేల కాదు, మనిషి. 1874 తర్వాత మద్రాసు ప్రభుత్వం ఆ పన్నును సుమారు మూడింతలు చేసి, కొన్ని చోట్ల పోడునే నిషేధించింది. 1879లో రంప మన్యంలో ముత్తాదార్లు అనే కొండ భూస్వాముల అసంతృప్తి, కల్లు పన్ను, పోలీసుల జులుం కారణంగా తిరుగుబాటు రేగినప్పుడు, అది రేకపల్లికి పాకడానికి ఈ పోడు పన్నే ముఖ్య కారణమైంది. రంప ఫిర్యాదుల్లో దస్త్రానికి నేరుగా సంబంధించినది ఇంకొకటి ఉంది. మైదానాల వర్తకులు కొండవాళ్ల చేత వాళ్లు చదవలేని పత్రాల మీద ఒప్పందాలు రాయించుకుని, దూరపు కోర్టుల్లో డిక్రీలు తెచ్చుకుని పశువుల్నీ గింజల్నీ జప్తు చేసేవారు. పత్రం చట్టం దృష్టిలో సక్రమం, వాస్తవంలో మోసం. ఏ తాళమూ ఆ మోసాన్ని ఆపలేదు, ఎందుకంటే తప్పు పత్రంలోకి చేరింది రాసేటప్పుడే. డేటా ఆర్కిటెక్టు మొదట గీసే పట్టిక, అంటే దేనికి కాలమ్ ఉంటుంది, దేనికి ఉండదు అన్న నిర్ణయం, సాంకేతిక నిర్ణయంలా కనిపిస్తుంది. రేకపల్లిలో పోడు లెక్కను మార్చడం అలాంటి నిర్ణయమే. దాని ఫలితం మాత్రం తుపాకుల దాకా వెళ్లింది.

అవతలి గట్టున నిజాం దివాన్ మొదటి సాలార్‌జంగ్ 1865లో జిలాబందీతో జిల్లాలు ఏర్పరచి, ఆ తర్వాతి దశాబ్దంలో సర్వే, సెటిల్‌మెంటు శాఖను మొదలుపెట్టాడు. అక్కడ తయారైన సేత్వార్, వసూల్ బాకీ అనే రికార్డులు, తర్వాత హైదరాబాద్ రాష్ట్రంలో 1954-55 నాటి ఖాస్రా పహాణీ ఈ రోజుకీ తెలంగాణ భూమి తగాదాల్లో మూలాధారాలు. ఈ వ్యవస్థను పట్వారీ దోపిడీ అన్న ఒక్క మాటతో తోసేయడం సులువు. నిజానికి కాగితం మీద దాని కట్టుబాటు బలమైనది. పట్వారీ ఏటా పొలాలు తిరిగి పహాణీ రాయాలి, పై అధికారి ఆజ్మాయిషీ, అంటే తనిఖీ, చేయాలి, ఏడాదిలో వచ్చిన మార్పుల్ని ఉత్తర్వుల ఆధారంతో ఫైసల్ పట్టీలో ఎక్కించాలి, జమాబందీలో ఊరి లెక్క మొత్తం తేల్చాలి. పాత రాత చెరపకుండా ప్రతి మార్పుకూ కారణం విడిగా నమోదు చేయడమన్న నియమాన్ని ఇవాళ మార్పుల లాగ్ పేరుతో చాలా క్లౌడ్ వ్యవస్థలు పాటిస్తాయి. అయితే మన్యంలో ఈ కట్టుబాటు రెండు చోట్ల తెగిపోయింది. పట్వారీ పని వంశపారంపర్యం, పుస్తకం అతని ఇంట్లోనే ఉండేది. పైకి వెళ్లే దస్త్రం ఉర్దూలో నడిచేది, దాని కింద బతికే కోయ రైతు మాట్లాడేది కోయ, బయట తెలుగు. ఆజ్మాయిషీకి వచ్చిన అధికారి చూసేది పట్వారీ చూపించిన పుస్తకాన్ని. పేరున్న మనిషి తన పేరును తానే చదివి సరిచూసుకునే ఘట్టం ఆ క్రమంలో ఎక్కడా లేదు. తనిఖీ మొత్తం పైనుంచి కిందికి సాగింది, కిందినుంచి పైకి ఒక్క మెట్టు కూడా లేదు.

ఇరవయ్యో శతాబ్దపు చట్టాలు ఈ గుణపాఠాన్ని కొంత గ్రహించాయి. మద్రాసు ప్రభుత్వం 1917లో ఏజెన్సీ భూముల బదలాయింపు మీదా వడ్డీ మీదా ఆంక్షలు పెట్టింది. నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ నివేదికల తర్వాత 1940ల్లో గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక నిబంధనలు చేసింది. ఆంధ్రప్రదేశ్ 1959లో తెచ్చిన భూబదలాయింపు రెగ్యులేషన్ 1963లో తెలంగాణ ఏజెన్సీకీ వర్తించింది. 1970లో దానికి వచ్చిన సవరణనే జనం వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. అందులోని ఒక నిబంధన, భద్రత దృష్టితో చూస్తే, అసాధారణమైనది. ఏజెన్సీలో గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందుగా భావిస్తుంది. కాదని నిరూపించే భారం ఆ గిరిజనేతరుడిదే. జెరోమ్ సాల్ట్‌జర్, మైఖేల్ ష్రోడర్ అనే ఇద్దరు అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్తలు 1975లో రాసిన ప్రసిద్ధ పత్రంలో, అనుమతి స్పష్టంగా లేనప్పుడు వ్యవస్థ నిరాకరించాలన్న సూత్రం ఉంది. ఈనాటి క్లౌడ్ భద్రతకు అది పునాదిరాయి. భద్రాచలం మన్యంలో ఆ సూత్రం అంతకు ఐదేళ్ల ముందే భూచట్టమై కూర్చుంది. అయినా చట్టం చెప్పింది పూర్తిగా జరగలేదు. బినామీ పేర్లు, వెనకటి తేదీలు వేసిన కాగితాలు, నోటిమాట కౌళ్లు దాన్ని దాటేశాయి. చట్టం నిలబడాలంటే పొలంలో నిజంగా ఎవరున్నారో దస్త్రం చెప్పాలి. ఆ కాలమ్ రాసే చెయ్యి మాత్రం మారలేదు.

ఆ చేతిని మార్చే ప్రయత్నం 1984లో జరిగింది. కులవృత్తిలా తండ్రి నుంచి కొడుక్కి వచ్చే గ్రామోద్యోగం రాజ్యాంగంలోని సమాన అవకాశానికి విరుద్ధమని గాజుల దశరథ రామారావు కేసులో సుప్రీంకోర్టు 1960 డిసెంబర్‌లోనే చెప్పింది. రెండు దశాబ్దాల తర్వాత ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో కరణం, మునసబు, పటేల్, పట్వారీ పదవులన్నిటినీ రద్దు చేసింది. అది సామాజికంగా గొప్ప అడుగే. కానీ కరణం ఇంట్లోని పుస్తకం ఎక్కడికి పోవాలి, దాన్ని ఎవరు రాయాలి, పాతదాన్ని కొత్తదానితో ఎవరు పోల్చాలి అన్నవి పదవి రద్దుతో తేలలేదు. ఆ తర్వాత ఆ పని రకరకాల ఉద్యోగుల చేతులు మారి గ్రామ రెవెన్యూ అధికారి దగ్గర ఆగింది. 2017 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా తెలంగాణ ప్రభుత్వం ఊరూరా భూరికార్డుల ప్రక్షాళన చేసి, తగాదా లేని భూముల్ని ఒక భాగంగా, అటవీ, రెవెన్యూ సరిహద్దు తేలని భూములతో సహా తగాదావాటిని మరో భాగంగా విడదీసింది. 2020 సెప్టెంబర్‌లో గ్రామ రెవెన్యూ అధికారి పదవినే రద్దు చేసి, ఊళ్లోని పుస్తకాలను ఒక్క రోజులో వెనక్కి తీసుకుంది. అదే ఏడు అక్టోబర్ 29న ధరణి అనే భూరికార్డుల పోర్టల్ మొదలైంది. ఊళ్లో ఉన్న రాసే చెయ్యి పూర్తిగా పోయింది. దానితోపాటు, సాగులో ఎవరున్నారని చెప్పే కాలమ్ కూడా కొత్త రికార్డులో కనబడకుండా పోయింది. మైదానంలో ఇది కౌలురైతు సమస్య. ఏజెన్సీలో ఇంకా పెద్దది, వన్ ఆఫ్ సెవెంటీ నిలబడేదే స్వాధీనం ఎవరిదన్న ప్రశ్న మీద కనుక.

ఇలా ఎందుకు జరిగిందో తెలుసుకోవడానికి కంప్యూటర్ భద్రత సొంత చరిత్ర సాయం చేస్తుంది. ఈ శాస్త్రం తొలి సిద్ధాంతాలు సైన్యం కోసం పుట్టాయి. 1973లో డేవిడ్ బెల్, లెనార్డ్ లపడూలా అమెరికా వైమానిక దళం కోసం రూపొందించిన నమూనా ధ్యేయం ఒక్కటే, పై స్థాయి రహస్యం కింది స్థాయివాడికి చేరకూడదు. 1987లో డేవిడ్ క్లార్క్, డేవిడ్ విల్సన్ దీన్ని ప్రశ్నించారు. వ్యాపారంలో అసలు భయం రహస్యం పోవడం కాదు, లెక్క తప్పడం అన్నారు. అందుకు రెండు కట్టుబాట్లు చెప్పారు. ఏ మార్పైనా నిర్ణీత పద్ధతిలోనే జరగాలి. పని చేసేవాడూ దాన్ని ఆమోదించేవాడూ ఒక్కరే కాకూడదు. వాళ్లు ఇది కొత్తగా కనిపెట్టలేదు, అకౌంటెంట్లు వందల ఏళ్లుగా పాటిస్తున్న జంటపద్దు, తనిఖీ పద్ధతుల నుంచే తీసుకున్నారు. ఈ కోణంలో భూమి రికార్డు సైనిక రహస్యం కోవలోది కాదు, వ్యాపారి ఖాతా కోవలోది. దాన్ని మొదటి నమూనాలో కట్టినప్పుడు పాస్‌వర్డులు, వేలిముద్రలు, గట్టి గోడలు సమకూరతాయి గానీ, లోపల ఎక్కిన తప్పు అంతే గట్టిగా భద్రమవుతుంది. గోపన్న కాలం నుంచి ధరణి దాకా ఈ ప్రాంతం పడిన ఇబ్బంది క్లార్క్, విల్సన్ చెప్పిన రెండో కట్టుబాటు లేని ఇబ్బందే. రాసేవాడికి ఎదురుగా, అతనితో పొత్తు లేని మరో కన్ను లేదు.

దీనికి మొదటి అభ్యంతరం న్యాయమైనది. ఊళ్లోని చేతులే కదా లంచాలు మేసింది? పాసు పుస్తకం కోసం చెప్పులరిగేలా తిప్పింది ఊరి ఉద్యోగే కదా? 2019 నవంబర్‌లో అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దారును కార్యాలయంలోనే సజీవదహనం చేసేంతగా భూరికార్డుల చుట్టూ పేరుకున్న విషం, రాసే అధికారాన్ని కిందినుంచి తీసేయాలన్న వాదనకు బలం ఇవ్వలేదా? ఇచ్చింది. కేంద్రీకరణ వల్ల ఒక రకం మోసం నిజంగానే తగ్గుతుంది, రాత్రికి రాత్రి పహాణీలో పేరు మార్చేయడం పోర్టల్‌లో అంత తేలిక కాదు. కానీ లంచానికి మూలం ఉద్యోగి ఊళ్లో ఉండటం కాదు. రాసే అధికారమూ, రాసింది సరైనదని తేల్చే అధికారమూ, నకలు ఇచ్చే అధికారమూ అతని ఒక్కడి దగ్గరే ఉండటం. ఆ మూడింటినీ విడదీయకుండా మనిషిని మాత్రం తీసేస్తే, అవి కలిసికట్టుగానే పైమెట్టుకు చేరతాయి. ధరణిలో చిన్న విస్తీర్ణం తేడాకు, పేరులో ఒక అక్షరం తప్పుకు కూడా రైతు మీసేవ కేంద్రం, కలెక్టరేటు, కోర్టు చుట్టూ తిరిగాడు. పాల్వంచ పక్క రైతుకు జిల్లా కేంద్రమైన కొత్తగూడెం దగ్గరే. చర్ల అడవి లోపలి గూడెంవాసికి ఒక రోజు కూలి, బస్సు ఛార్జీ, తన మాట చెప్పిపెట్టే మనిషి, మూడూ కావాలి. కింద అవినీతి తగ్గిన మేరకు పైన సవరణ ఖర్చు పెరిగితే, భద్రత పెరిగిందని కాదు, భారం చేతులు మారిందని అర్థం.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది, ఎందుకంటే అది బలహీనుల పక్షం నుంచే వస్తుంది. అందరికీ రికార్డు తెరిచిపెడితే మొదట చదివేది గిరిజనుడు కాదు, బ్రోకరు. కర్ణాటక 2000 ప్రాంతంలో ‘భూమి’ అనే పథకంతో పహాణీలను కంప్యూటరుకెక్కించింది. మార్పు చేసే ప్రతి ఉద్యోగి వేలిముద్ర వేసి తన బాధ్యత ఒప్పుకునే ఏర్పాటు కూడా పెట్టింది. పరిశోధకుడు సోలొమన్ బెంజమిన్ బృందం 2007లో చేసిన అధ్యయనం, రికార్డులు ఒకచోట చేరడం బెంగళూరు చుట్టూ పెద్ద కొనుగోలుదార్లకే ఎక్కువ కలిసొచ్చిందని వాదించింది. బలహీనమైన పట్టా ఎక్కడుందో ఇంట్లో కూర్చునే పసిగట్టగలిగితే, ఏజెన్సీలో దాని ఫలితం ఊహించనక్కర్లేదు. అందుకే తెరవడమా, మూయడమా అని అడగటం పనికిరాదు. తన సర్వే నంబరు చూసుకోవడం వేరు, తన ఊరి జాబితాను గ్రామసభలో వినడం వేరు, జిల్లా మొత్తాన్ని ఒక్క ఫైలుగా దించుకోవడం వేరు. మొదటి రెండూ హక్కులు, మూడోది ప్రమాదం. క్లౌడ్ ఆర్కిటెక్టు చేతిలో ఉన్న పనిముట్లు ఈ తేడాను నిలపడానికి సరిపోతాయి. ఒకే ఖాతా నుంచి గుంపుగా వచ్చే వెతుకులాటలకు అడ్డుకట్ట, ఆధార్, ఫోన్ నంబర్ల కాలమ్‌లకు విడి తాళం, ఎవరు ఎవరి రికార్డు చూశారో ఆ రైతుకే తెలిపే ఏర్పాటు, ఇవేవీ కొత్తగా కనిపెట్టాల్సినవి కావు. 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది, 2023లో పార్లమెంటు వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది. ఆ చట్టం తన డేటాను దిద్దించుకునే హక్కును కూడా పౌరుడికి ఇచ్చింది. గోప్యత పేరు చెప్పి సవరణకు తలుపు మూసేవాళ్లు ఆ రెండో సగాన్ని వదిలేస్తున్నారు.

క్లౌడ్ పాతవాటిలాంటిది కాదు, అందులో చెరిపిన జాడ కూడా మిగులుతుంది, కాబట్టి కరణాల చరిత్ర దానికి వర్తించదు అనేది మూడో అభ్యంతరం. సాంకేతికంగా మొదటి సగం నిజం. అమెజాన్ 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లో క్లౌడ్ ప్రాంతాన్ని ప్రారంభించినప్పుడు అందులో విడివిడిగా నిలబడే మూడు జోన్లు ఉన్నాయి. ఒకటి కూలినా మిగతావి పనిచేస్తాయి. కేంద్ర ప్రభుత్వ క్లౌడ్ మేఘరాజ్ కూడా ఇలాంటి హామీతోనే నడుస్తుంది. ఇంటి అటక మీది పహాణీ కట్టకు చెదలు పడితే నకలు లేని కాలంతో పోల్చితే ఇది పెద్ద మేలు. అయితే లాగ్ ఎంత పక్కాగా ఉన్నా, దాన్ని ఎవరైనా చదివితేనే రక్షణ. ఫైసల్ పట్టీ కూడా ఒక లాగ్ పుస్తకమే, చదివేవాళ్లు లేక అది అలంకారమైంది. పైగా మూడు జోన్లలో పదిలంగా ఉన్న రికార్డు, సిగ్నల్ అందని గూడేనికి లేనట్టే. ఆర్కిటెక్టు అందుబాటును సర్వర్ పనిచేసిన నిమిషాలతో లెక్కిస్తాడు. అడవి అంచున దాన్ని మనిషి తన రికార్డును చూడగలిగిన రోజులతో లెక్కించాలి. రెండు లెక్కలూ ఒకే అంకె ఇవ్వవు.

అన్నిటికీ మించి, పట్టికలోకి ఏ సాక్ష్యం ప్రవేశించగలదన్న ప్రశ్నను క్లౌడ్ తనంతట తాను తేల్చదు. 2006 అటవీ హక్కుల చట్టం ఇక్కడ అరుదైన దారి చూపింది. 2005 డిసెంబర్ 13 నాటికి పోడు సాగులో ఉన్నట్టు గిరిజనుడు చూపాలి. అందుకు సర్కారు కాగితాలే కాక, గుడిసెలు, గట్లు, శ్మశానాలు, దైవస్థలాలు, పెద్దల మాటను రాసుకున్న వాంగ్మూలం కూడా సాక్ష్యాలేనని నిబంధనలు చెబుతాయి. ఉపగ్రహ చిత్రం వీటికి తోడుగా రావొచ్చు గానీ, వీటి స్థానంలో రాకూడదని 2012 సవరణ స్పష్టం చేసింది. అంటే యంత్రం కన్నూ మనిషి జ్ఞాపకమూ ఒకదాన్నొకటి సరిచూడాలి తప్ప ఒకటే తీర్పరి కాకూడదు. తెలంగాణలో 2023 జూన్ చివర మొదలైన పోడు పట్టాల పంపిణీ 4 లక్షల ఎకరాలకు పైగా భూమికి జరిగింది, అందులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాది పెద్ద వాటా. అయితే ఆ పట్టిక అంచున నిలిచిపోయినవాళ్లూ ఉన్నారు. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ నుంచి పారిపోయి ఈ అడవుల్లో గుడిసెలు వేసుకున్న గుత్తికోయలకు ఇక్కడ షెడ్యూల్డ్ తెగ గుర్తింపు దక్కలేదు. భూరికార్డు నుంచి వాళ్ల డేటా లీకయ్యే ప్రమాదం లేదు, ఆ పట్టికలో అది లేదు కనుక. గోప్యత కొలతతో చూస్తే అందరికన్నా సురక్షితులు వాళ్లే. ఆ కొలత ఒక్కటీ ఎంత అసంపూర్ణమో దీనికన్నా గట్టిగా చెప్పే ఉదాహరణ లేదు.

జనం నమ్మే సర్కారీ లెక్క ఈ నేల మీద అసలు లేదా అంటే ఉంది. భద్రాచలం దగ్గర గోదావరి మట్టం 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులు తాకింది, 2022 జులైలో 71.3 అడుగులు. ఈ అంకెల్ని ప్రభుత్వమే కొలుస్తుంది, ప్రభుత్వమే ప్రకటిస్తుంది. అయినా వాటిమీద భూరికార్డుల మీద ఉన్నంత అనుమానం ఎవరికీ లేదు. కారణం అధికారుల గుణం మారడం కాదు. కొలత చెప్పిన గంటకే గట్టున నిలబడ్డ ఎవరైనా నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయో చూడగలరు, తప్పు చెబితే సాయంత్రానికి బయటపడుతుంది. కొలిచే చెయ్యి ఒకటే అయినా సరిచూసే కళ్లు వేలు. ఇలాంటి లెక్కలో రహస్యమేమీ లేదు కనుక భూమికి ఇది వర్తించదనవచ్చు. కానీ పొలం గట్టు కూడా బహిరంగమే. ఫలానా చెలకను పదేళ్లుగా ఎవరు దున్నుతున్నారో గూడెం మొత్తానికి తెలుసు. ఊరికి తెలిసినదాన్ని ఊరి ముందు చదవకపోవడమే ఇన్నాళ్లుగా రికార్డును ఊరికి పరాయిని చేసింది. 1996 నాటి పెసా చట్టం గ్రామసభను షెడ్యూల్డ్ ప్రాంతాల్లో కేంద్రస్థానంలో నిలిపింది కాబట్టి, ఏటా రికార్డు మార్పుల్ని అక్కడ తెలుగులో, కోయలో చదివించడానికి కొత్త తత్వం అక్కర్లేదు, ఉన్న జమాబందీ సంప్రదాయాన్ని తిరగేస్తే చాలు. అప్పుడు తనిఖీ పైనుంచి కిందికే కాక కిందినుంచి పైకీ సాగుతుంది.

ఈ దిశలో కొంత కదలిక మొదలైంది. ధరణి నిర్వహణ 2024 చివర్లో ప్రైవేటు సంస్థ నుంచి నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్‌కు మారింది. 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం అప్పీలుకు మెట్లు తిరిగి ఏర్పరచింది. తొలివిడతగా ఎంచుకున్న నాలుగు మండలాల్లో ఖమ్మం జిల్లా నేలకొండపల్లి ఒకటి, అక్కడ రెవెన్యూ సిబ్బంది ఊళ్లకే వెళ్లి సదస్సుల్లో దరఖాస్తులు తీసుకున్నారు. పోర్టల్ పేరు మారడంతో గానీ, నిర్వహించేది ప్రభుత్వ సంస్థా ప్రైవేటు సంస్థా అన్నదానితో గానీ ఇది సఫలమైందో లేదో తేలదు. సంస్థ మారినా, తాళంచెవులు, మార్పు అధికారం, ఆమోదం ఒకే గదిలో ఉంటే పాత లోపమే కొనసాగుతుంది. అప్పీలుకు దారి ఉన్నా, తన పేరు మారిన సంగతి రైతుకు మారిన రోజే తెలియకపోతే ఆ దారి ఎక్కేసరికి గడువు దాటుతుంది. కాబట్టి ఈ వృత్తిలో ఉన్నవాళ్లు అడవి అంచు రికార్డును గీసేటప్పుడు హ్యాకర్‌ను ఆపగలమా అన్న ప్రశ్నతోపాటు మరో మూడు అడగాలి. ఈ రాతను రాసినవాడు కాక ఇంకెవరు సరిచూశారు? మార్పు జరిగిన సంగతి బాధితుడికి ఎన్ని రోజుల్లో, ఏ భాషలో చేరింది? తప్పని తేలితే దిద్దించుకోవడానికి అతను ఎంత దూరం నడవాలి, ఎంత ఖర్చు పెట్టాలి? ఈ మూడింటికీ అంకెల్లో జవాబు చెప్పొచ్చు, ఏటా ప్రకటించొచ్చు, ఒక మండలాన్ని మరో మండలంతో పోల్చొచ్చు. ఆ అంకెలు లేకుండా రికార్డు సురక్షితమని చెప్పడం, రాసినవాడి మాటనే రుజువుగా తీసుకోమనడం. ఆ పద్ధతిని ఈ మన్యం మూడు వందల ఏళ్లుగా చూస్తూనే ఉంది, దాని ఖర్చు భరించింది ఎప్పుడూ రాసినవాడు కాదు.